కిక్‌ఆఫ్‌లో ఫెయిర్ క్యాచ్: చెయ్యి ఎలా ఊపాలి, ఎదుటివాళ్లు ఎక్కడ ఆగాలి

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆట మొదలుపెట్టడానికి ఒక జట్టు ఎదుటివాళ్ల వైపు బంతిని తన్నడమే కిక్‌ఆఫ్. ఎత్తుగా తన్నితే ఆ బంతి గాల్లో ఉండేది సుమారు నాలుగు సెకన్లు. ఆ కాస్త సమయంలోనే కింద నిలబడ్డ రిటర్నర్, అంటే బంతి అందుకునేవాడు, ఒక బేరం కుదుర్చుకోవచ్చు. చెయ్యి పైకెత్తి ఊపితే, బంతి పట్టాక పరుగెత్తే హక్కు పోతుంది. బదులుగా, పట్టేదాకా ఎవరూ అడ్డు రాకూడదు, పట్టాక ఎవరూ మీద పడకూడదు. దీన్నే ఫెయిర్ క్యాచ్ అంటారు. 2018 నుంచి ఈ బేరంలో మరో లాభం చేరింది: తన 25 గజాల గీతకు, గోల్ లైన్‌కు మధ్య ఎక్కడ ఫెయిర్ క్యాచ్ పట్టినా బంతిని తెచ్చి 25 మీద పెడతారు. గోల్ లైన్‌కు 3 గజాల దూరంలో పట్టినవాడికి అడుగు కదలకుండా 22 గజాలు కలిసొస్తాయి.

అయితే సగం బేరం చెల్లదు. చెయ్యి ఒక్కసారే ఊపి ఆపినా, ఊపినవాడు ఒకడు పట్టినవాడు ఇంకొకడు అయినా పరుగు హక్కు పోతుంది, 25 మాత్రం రాదు. కింద చెప్పేదంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

ఇవి కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధనలు, 2025 సీజన్ వరకు వచ్చిన మార్పులతో సహా. టెక్సస్‌లోని ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌ల్లో ఉంటూ పిల్లల్ని హైస్కూలు జట్టులో ఆడిస్తున్న తెలుగు తల్లిదండ్రులకు కూడా ఇవి పనికొస్తాయి. టెక్సస్ ప్రభుత్వ హైస్కూళ్లు కాలేజీ నిబంధనల పుస్తకాన్నే కొన్ని మార్పులతో వాడతాయి. ఆ మార్పులేమిటో కోచ్‌ని ముందే అడిగి తెలుసుకోండి. మిగతా చాలా రాష్ట్రాల హైస్కూళ్లలో పుస్తకమే వేరు: అక్కడ కిక్‌ఆఫ్ 40 నుంచి, ఫెయిర్ క్యాచ్ ఎక్కడ పడితే బంతి అక్కడే. ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ 2023లో ఒక్క సీజన్ కాలేజీ పద్ధతి పాటించింది. 2024లో కిక్‌ఆఫ్ రూపాన్నే మార్చి అందులో ఫెయిర్ క్యాచ్ లేకుండా చేసింది. కాబట్టి ఆదివారం టీవీలో చూసిన ఎన్‌ఎఫ్‌ఎల్ పద్ధతిని శనివారం కాలేజీ ఆటకు అన్వయించకండి.

ముందు కొలతలు

ఇక్కడి గజం మన ఇళ్ల స్థలాలు కొలిచే గజమే, మూడడుగులు. గోల్ లైన్ నుంచి గోల్ లైన్‌కు 100 గజాలు, రెండు చివరలా 10 గజాల ఎండ్ జోన్లు. కిక్ చేసే జట్టు తన 35 గజాల గీత మీద టీ (బంతిని నిలబెట్టే చిన్న ఆధారం) పెట్టి తంతుంది. అందుకునే జట్టు ముందు వరుస అక్కడికి 10 గజాల అవతలి గీత దగ్గర నిలబడుతుంది. కిక్కర్‌కు ఇరువైపులా కనీసం నలుగురేసి ఉండాలి. కిక్కర్, బంతి పట్టుకుని ఉండేవాడు తప్ప మిగతావాళ్లంతా తమ గీతకు 5 గజాల లోపే నిలబడాలి. దూరం నుంచి పరుగు తీసుకుని పూర్తి వేగంతో వచ్చి గుద్దుకోకుండా ఈ కట్టడి.

టీ నుంచి అవతలి 25 గజాల గీతకు 40 గజాలు. కవరేజీలో, అంటే రిటర్నర్‌ను ఆపడానికి కిక్ జట్టు నుంచి, వచ్చే చురుకైన కుర్రాడు ఆ 40 గజాలను 5 సెకన్ల లోపే దాటేస్తాడు. బంతి నాలుగు సెకన్లు గాల్లో ఉంటే, అది రిటర్నర్ చేతిలో పడే వేళకు అతను దగ్గరికి వచ్చేసినట్టే. రిటర్నర్ కళ్లు మాత్రం ఆకాశంలో ఉంటాయి. 2018 మార్పు వెనకున్న కారణం ఇదే. కిక్‌ఆఫ్‌ల వల్ల తల గాయాలు ఎక్కువవుతున్నాయని ఐవీ లీగ్ అనే కాలేజీ జట్ల కూటమి 2016లో కిక్‌ను 40కి జరిపి, టచ్‌బ్యాక్‌ను (కిక్ ఎండ్ జోన్‌లో ఆగితే బంతి పెట్టే చోటును) 20కి తగ్గించింది. కిక్‌లు నేరుగా ఎండ్ జోన్‌లోకి వెళ్లడం మొదలయ్యాక అక్కడ ప్రతి 1000 కిక్‌ఆఫ్‌లకు కన్‌కషన్లు (దెబ్బకు మెదడు అదిరే గాయాలు) 10.93 నుంచి 2.04కు పడిపోయాయని 2018లో అచ్చయిన లెక్క.

మొదటి అడుగు: బంతి ఎక్కడ దిగుతుందో తేల్చుకోండి

తన్నిన చప్పుడు రాగానే రిటర్నర్ తేల్చుకోవాల్సింది పట్టాలా వద్దా అని కాదు, ఎక్కడ దిగుతుంది అని. గోల్ లైన్ దాటి దిగేలా ఉంటే వదిలేయండి. ఎవరికీ తగలని కిక్‌ఆఫ్ బంతి ఎండ్ జోన్‌లో నేలను తాకిందంటే ఆట ఆగినట్టే, టచ్‌బ్యాక్, బంతి 25 మీదికి.

గోల్ లైన్‌కు, 25కు మధ్య ఎత్తుగా దిగుతుంటే ఫెయిర్ క్యాచ్ తీసుకోండి. ముందు 20 గజాల మేర ఖాళీ కనిపిస్తే తప్ప పరుగుకు దిగవద్దనే చెబుతాం. 8 మీద పట్టి పరుగెత్తితే మొదటి 17 గజాలు కేవలం చెయ్యి ఊపితే వచ్చేవి. ఆ తర్వాతి గజం నుంచే అసలు లాభం మొదలవుతుంది.

25 దాటి ముందుకు దిగే కిక్‌కు లెక్క వేరు. అక్కడ ఫెయిర్ క్యాచ్ ఎక్కడ పడితే బంతి అక్కడే. 31 మీద పడితే 31. పరుగెత్తే సామర్థ్యం లేని లైన్‌మన్ (ముందు వరుస భారీ ఆటగాడు) చేతిలోకి అలాంటి పొట్టి కిక్ వస్తే ఫెయిర్ క్యాచ్ మంచిదే.

నేల మీద దొర్లుతూ, గెంతుతూ వచ్చే బంతికి మాత్రం చెయ్యి ఎత్తవద్దు. నేల తాకిన బంతిని తీసుకోవడం క్యాచ్ కాదు. అప్పుడు ఊపితే, మీరు 14 మీద దాన్ని ఏరుకోగానే విజిల్ పడి అక్కడే ఆగిపోతుంది. ముందు ఖాళీ మైదానం ఉన్నా కదలడానికి లేదు. దీనికి మినహాయింపు ఒక్కటే, ఆన్‌సైడ్ కిక్ దగ్గర చెబుతాం.

రెండో అడుగు: సిగ్నల్

నిబంధన అడిగేవి నాలుగు. ఒక్క చెయ్యే ఎత్తాలి. అది తలకు స్పష్టంగా పైన ఉండాలి. ఒంటికి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు ఊగాలి. ఒకసారి కంటే ఎక్కువ సార్లు ఊగాలి. నాలుగింటిలో ఏది తగ్గినా చెల్లని సిగ్నల్ అవుతుంది.

మైదానంలో చేసేది ఇలా. మోచెయ్యి వంచకుండా చేతిని నిటారుగా లేపండి. కదలిక మణికట్టు నుంచి కాదు, భుజం నుంచి రావాలి. హెల్మెట్‌కు ఒక పక్క నుంచి రెండో పక్కకు పూర్తిగా తెచ్చి, మళ్లీ వెనక్కి తీసుకెళ్లండి. ఇలా మూడు సార్లు. రెండు చాలుననుకోవద్దు: మొదటి ఊపు మొదలయ్యేసరికి రిఫరీ కళ్లు ఇంకా బంతి మీదే ఉండొచ్చు, అతను చూసింది ఒక్కటే కావచ్చు. రెండో చెయ్యి నడుము దగ్గరే ఉండాలి. రెండు చేతులూ పైన ఊపితే అది ఫెయిర్ క్యాచ్ సిగ్నల్ కాదు.

వేళ విషయానికొస్తే, బంతి పైకెళ్లడం ఆగి కిందికి తిరిగిన క్షణంలో మొదలుపెట్టండి. అంతకంటే ముందు ఊపితే గాలికి బంతి పక్కకు జరిగి, మీ పక్కవాడు పట్టాల్సి రావచ్చు. ఆలస్యమైతే చెయ్యి గాల్లో ఉండగానే బంతి ఛాతీకి తగిలి జారుతుంది. మూడో ఊపు అయ్యాక రెండు చేతులూ దించి బంతి కోసం సిద్ధం చేసుకోవడానికి కనీసం ఒక సెకను మిగలాలి.

కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు నుదుటి ఎత్తులో చెయ్యి ఆడించడం. ‘నేను పడతాను, జరగండి’ అని తోటివాళ్లకు చెప్పినట్టు ఉంటుందది. నిబంధన దృష్టిలో మాత్రం ఊపిన చెయ్యి ఊపినట్టే. షరతులు తీరలేదు కనుక చెల్లని సిగ్నల్, బంతి పట్టిన చోటే ఆట ఆగుతుంది. నడుము దగ్గర చేతులు విదిలించి తోటివాళ్లను దూరం పొమ్మన్నా ఇదే గతి. మనవాళ్లను పిలవాలన్నా తరమాలన్నా నోటితో అరవండి. క్రికెట్‌లో ఎత్తు క్యాచ్ కింద ‘నాది!’ అని అరిచినట్టే.

ఎండ కళ్లలో పడితే చెయ్యి అడ్డం పెట్టుకోవచ్చు. ఊపనంతవరకు అది సిగ్నల్ కాదు, పట్టి పరుగెత్తవచ్చు. కానీ కదిలీ కదలనట్టుండే చెయ్యి వల్ల అందరికీ ప్రమాదం: మీరు ఊపలేదనుకుంటారు, రిఫరీ ఊపారనుకుంటాడు. అంతకంటే గడ్డం కాస్త దించి హెల్మెట్ అంచునే నీడ చేసుకోవడం మేలు.

2025లో ఇంగ్లిష్ T అక్షరంలా ఉండే ‘టీ’ సిగ్నల్‌కు కూడా నిబంధన వచ్చింది. రెండు చేతులూ పక్కలకు చాచి ‘రిటర్న్ లేదు’ అని చూపే అలవాటు చాలా జట్లలో ఉంది. కిక్ నడుస్తుండగా అందుకునే జట్టులో ఎవరు అలా చేతులు చాచినా ఆ జట్టు రిటర్న్ హక్కు వదులుకున్నట్టే, విజిల్ పడుతుంది. చేతులు చాచి ఎదుటివాళ్లను నెమ్మదించేలా చేసి, ఆ వెంటనే పరుగెత్తే ఎత్తుగడకు దీంతో తెరపడింది. గుర్తుంచుకోండి, ‘టీ’ అనేది ఫెయిర్ క్యాచ్ సిగ్నల్ కాదు. మైదానం లోపల 25 కావాలంటే చెయ్యి ఊపాల్సిందే.

మూడో అడుగు: ఊపినవాడే పట్టాలి

ఫెయిర్ క్యాచ్ అంటే చెల్లే సిగ్నల్ ఇచ్చిన ఆటగాడే పట్టిన క్యాచ్. ఎడమ వైపు రిటర్నర్ ఊపి, కుడి వైపు రిటర్నర్ 12 మీద పడితే అది ఫెయిర్ క్యాచ్ కాదు. అయినా జట్టులో ఒకరు ఊపారు కాబట్టి పరుగెత్తడానికి లేదు. బంతి 12 మీదే ఉంటుంది, 13 గజాలు పోయినట్టే. అందుకే ఇద్దరు రిటర్నర్లుంటే కిక్‌కు ముందే తేల్చుకోండి: మధ్య గీతకు ఎటువైపు ఎవరిది, మధ్యలో పడితే ఎవరిది. ఎవరు అరుస్తారో వాళ్లే ఊపాలి, వాళ్లే పట్టాలి.

ముందు వరుసలో ఉన్నవాళ్లకు ఒకటే మాట: మీ మీదికి రాని బంతికి చెయ్యెత్తకండి. ఎవరి చెయ్యి ఊగినా మొత్తం జట్టు పరుగు హక్కు పోతుంది.

ఊపినవాడు బంతిని తాకకపోతే ఆ ఆట ముగిసేదాకా ఎవరినీ బ్లాక్ చేయకూడదు, అంటే ఒంటితో అడ్డుకోకూడదు. చేస్తే 15 గజాల పెనాల్టీ. తనను ఎవరూ ముట్టుకోరన్న ధీమాతో నిలబడి, తన వైపు చూడకుండా వచ్చేవాణ్ని గుద్దడం అన్యాయమనే ఈ నిబంధన. ఊపాక బంతి పక్కకు పోతే చేతులు దించుకుని పక్కకు తప్పుకోండి.

నాలుగో అడుగు: పట్టడం, జారితే ఏం చేయాలి

మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా, అరచేతులు పైకి, బంతి ఛాతీ మీద దిగేలా. కాళ్లు ఆగాకే పట్టండి. పరుగు లేని క్యాచ్‌కు కదులుతూ పట్టాల్సిన అవసరం లేదు.

బంతి చేతికి తగిలి ఎగిరిందనుకోండి. సిగ్నల్ ఇచ్చినవాడికి, ఇవ్వనివాడికి అసలైన తేడా ఇక్కడే ఉంది. ఊపనివాడికి బంతి తగిలిన క్షణంలోనే రక్షణ తీరిపోతుంది, ఎదుటివాళ్లు మీద పడొచ్చు. సరిగ్గా ఊపినవాడికి మాత్రం బంతి ఇంకా గాల్లో ఉండి, మళ్లీ పట్టే వీలున్నంతసేపు రక్షణ కొనసాగుతుంది. రెండోసారి పడితే, మొదట తాకిన చోట పట్టినట్టే లెక్క. కాబట్టి ఎగిరిన బంతిని చూసి గాభరాపడి నేలకు దూకకండి. దాని కింద నిలబడండి, మళ్లీ మీ చేతికే వస్తుంది.

నేలను తాకిందా, ఇక అంతా మారిపోయినట్టే. మీకు తగిలింది కనుక కిక్ చేసిన జట్టుకూ దాన్ని తీసుకునే హక్కు వచ్చేసింది. వాళ్లు 7 మీద దక్కించుకుంటే అక్కడే ఆట ఆగి, ఫస్ట్ డౌన్ (అక్కడి నుంచి దాడి మొదలుపెట్టే అవకాశం) వాళ్లది. ముందుకు తీసుకెళ్లడానికి మాత్రం వాళ్లకు వీల్లేదు. మీరే 7 మీద దక్కించుకున్నా బంతి 7 మీదే, 25 ఆశ పోయింది. ఈ దశలో బంతి మీద పడి, రెండు చేతులతో పొట్టకు అదుముకోవడం ఒక్కటే పని.

ఐదో అడుగు: రెండు అంగల్లో ఆగండి

పట్టాక రెండు అంగలకు మించి ఏ దిక్కుకు నడిచినా ఆట జాప్యం కింద 5 గజాలు పోతాయి. 25 కావాల్సిన బంతి 20కి వెళ్తుంది. అలవాటుగా నాలుగడుగులు పరుగెత్తి రిఫరీకి బంతి ఇచ్చేవాళ్లు ఇక్కడే నష్టపోతారు. పట్టిన చోట ఆగి, రిఫరీ దగ్గరికొచ్చేదాకా పట్టుకోండి. చెల్లని సిగ్నల్ తర్వాత పట్టినా ఇదే నిబంధన.

వెనక బ్లాకర్ల సంగతి క్లుప్తంగా: కిక్‌ఆఫ్‌లో ఇద్దరు భుజం భుజం కలిపి గోడలా నిలబడటం 2019 నుంచి ఫౌల్, 15 గజాలు. ఆట టచ్‌బ్యాక్‌తోనో ఫెయిర్ క్యాచ్‌తోనో ముగిస్తే దానికి పెనాల్టీ లేదు. అది కూడా సరిగ్గా ఊపడానికి మరో కారణం.

ఎదుటివైపు: కవరేజీ ఆటగాడు ఎలా ఆగాలి

క్యాచ్‌కు అడ్డుపడటాన్ని చాలా ఆటలు ఒప్పుకోవు. క్రికెట్‌లో ఫీల్డర్ క్యాచ్‌కు బ్యాటర్ కావాలని అడ్డుపడితే ఔట్ ఇస్తారు. ఇక్కడ మాత్రం కావాలని చేశాడా లేదా అని ఎవరూ అడగరు. అడ్డు వచ్చిందా లేదా అన్నదే చూస్తారు.

చాలామంది అనుకునేదేమిటంటే చెయ్యి ఊపినవాడికే ఈ రక్షణ అని. కాదు. పట్టగలిగే చోట ఉండి పట్టడానికి ప్రయత్నిస్తున్న ప్రతి రిసీవర్‌కూ అడ్డులేని అవకాశం ఇవ్వాలి. ఊపకపోతే ఆ రక్షణ బంతి తాకేదాకా ఉంటుంది. ఊపితే పట్టాక కూడా ఉంటుంది.

కళ్లముందు ఒక పెట్టె ఊహించుకోండి. దాని వెడల్పు రిసీవర్ భుజాల వెడల్పు, పొడవు అతని ముందుకు ఒక గజం. అతను బంతిని తాకకముందు ఆ పెట్టెలో కాలు పెడితే ఫౌల్. అతనికి ఒక్క వేలు తగలకపోయినా ఫౌలే. పక్కల నుంచో వెనక నుంచో దగ్గరికి రావడం దానంతట అదే తప్పు కాదు. కానీ బంతి తాకకముందు, లేదా తాకిన అదే క్షణంలో ఒంటికి ఒళ్లు తగిలితే ఏ వైపు నుంచైనా ఫౌల్. అనుమానం వస్తే ఫౌల్ ఇవ్వమనే పుస్తకం చెబుతుంది. ‘బంతితో పాటే తగిలాను’ అనే వాదన నిలబడదు, పాటే తగిలినా తప్పే కాబట్టి.

అందుకని పరుగును ఇలా విడగొట్టుకోండి. రిసీవర్‌కు 10 గజాల దూరం దాకా పూర్తి వేగం. అక్కడ కళ్లు బంతి మీద నుంచి అతని చేతుల మీదికి దించండి. 5 గజాల దగ్గర అంగలు చిన్నవి చేసి, నడుము కిందికి దించి, అతని ఒక భుజం వైపుకు మళ్లండి. నేరుగా ఎదురెళ్లితే చివరి గజంలో ఆగడం మీ చేతుల్లో ఉండదు. పక్క నుంచి వెళ్తే ఆగలేకపోయినా అతన్ని దాటిపోవచ్చు. బంతి చేతికి తగిలినట్టు కంటితో చూశాకే ముందుకు.

మిమ్మల్ని ఎదుటి జట్టువాడు బ్లాక్ చేసి రిసీవర్ మీదికి నెట్టాడా, అది మీ ఫౌల్ కాదు. మీ సొంత జట్టువాడు వెనక నుంచి నెట్టితే మాత్రం ఈ వెసులుబాటు లేదు. కవరేజీలో ఒకరి వెనక ఒకరు వరుసగా రాకూడదనేది అందుకే.

ఫెయిర్ క్యాచ్ పట్టేసినవాణ్ని టాకిల్ చేస్తే (పట్టి పడగొడితే) 15 గజాలు, బంతి ఉంచాల్సిన చోటు నుంచి. 25 అనుకున్నది 40 అవుతుంది. ఇక తలతో గుద్దడం, తల మెడల మీద దాడి చేయడం వేరే సంగతి. కిక్ పట్టబోతున్నవాణ్ని, పట్టి ఇంకా తేరుకోనివాణ్ని నిబంధనలు నిస్సహాయ ఆటగాడిగా చూస్తాయి. అతని మీద అలాంటి దాడి (టార్గెటింగ్) రుజువైతే 15 గజాలతో పాటు ఆట నుంచే బయటికి పంపుతారు.

ఆన్‌సైడ్ కిక్: ఎక్కువ తగాదాలు ఇక్కడే

వెనకబడ్డ జట్టు చివరి నిమిషాల్లో బంతిని 10 గజాలు మాత్రమే దాటేలా తన్ని తనే దక్కించుకోవాలని చూస్తుంది. అవతలివాళ్ల గీత దాటకముందు, లేదా అవతలివాళ్లకు తగలకముందు కిక్ జట్టు బంతిని ముట్టుకోకూడదు. ముట్టుకునే హక్కు వచ్చేదాకా అవతలివాళ్లను బ్లాక్ చేయడం కూడా ఫౌలే, 5 గజాలు.

కిక్కర్లు ఎక్కువగా వాడే పద్ధతి బంతిని టీ మీదే నేలకేసి కొట్టి, ఒక్క గెంతుతో పైకి లేచేలా చేయడం. ‘నేల తాకింది కదా, రక్షణ లేదు’ అని దూకేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. టీ నుంచి వెంటనే నేలకు తగిలి, ఒకే ఒక్కసారి తాకి గాల్లోకి లేచిన బంతిని నేరుగా గాల్లోకి తన్నిన బంతిలాగే చూడాలి. ఇందాక చెప్పిన మినహాయింపు ఇదే. దాని కింద ఉన్న రిసీవర్ చెయ్యి ఊపి ఫెయిర్ క్యాచ్ అడగవచ్చు. అతనికి అన్ని రక్షణలూ ఉంటాయి. రెండు మూడు సార్లు గెంతి ఆ తర్వాత పైకి లేచిన బంతికి ఈ రక్షణ లేదు, 10 గజాలు దాటాక ఎవరిదైనా కావచ్చు.

కాబట్టి ఆన్‌సైడ్ కిక్ అందుకోవడానికి నిలబడ్డ ప్రతి ఆటగాడికీ కిక్‌కు ముందు చెప్పాల్సింది: గెంతులు లెక్కపెట్టు. ఒకటి అయితే ఊపు, పట్టు. రెండు అయితే చెయ్యి ఎత్తకు, బంతి మీద పడు.

పెనాల్టీ ఎక్కడి నుంచి కొలవాలి

రెండు గోల్ లైన్ల మధ్య అడ్డుపడితే: అందుకునే జట్టుకే బంతి, ఫస్ట్ డౌన్, ఫౌల్ జరిగిన చోటు నుంచి 15 గజాలు. ఎండ్ జోన్‌లో అడ్డుపడితే టచ్‌బ్యాక్ ఇచ్చి, అక్కడి నుంచి 15 కలుపుతారు. మరీ దారుణమైన ఫౌల్ అయితే ఆటగాణ్ని బయటికి పంపుతారు.

చేత్తో లెక్క వేసి చూడండి. రిసీవర్ తన 28 మీద పొట్టి కిక్ కింద నిలబడ్డాడు, చెయ్యి ఊపలేదు, తాకకముందే గుద్దారు: 28కి 15 కలిపి 43. ఎండ్ జోన్‌లో పట్టబోతుంటే గుద్దారు: 25కి 15 కలిపి 40. ఆన్‌సైడ్‌లో కిక్ జట్టు తమ 46 గీత మీద, ఒక్క గెంతు బంతికి అడ్డుపడింది: ఇప్పుడు 15 గజాలు వాళ్ల గోల్ వైపుకే కొలవాలి, బంతి వాళ్ల 31 మీద, అదీ అవతలి జట్టు చేతిలో. చివరి నిమిషంలో అలా జరిగితే ఆట దాదాపు ముగిసినట్టే.

ఇప్పుడు సిగ్నల్ లెక్కలు. 8 మీద సరిగ్గా ఊపి పట్టాడు: 25. 8 మీద ఒక్కసారే ఊపి పట్టాడు: 8. 30 మీద ఊపి, అక్కడ తాకి, ఎగిరిన బంతిని 32 మీద పట్టాడు: 30.

కిక్ ఎవరికీ తగలకుండా పక్క గీత దాటిపోతే అది కిక్ జట్టు ఫౌల్. ఎక్కువ జట్లు ఎంచుకునే పరిహారం కిక్ గీత నుంచి 30 గజాల అవతల బంతి తీసుకోవడం, అంటే తమ 35. అందుకే పక్క గీత వైపు జారుతున్న బంతికి చెయ్యి ఊపి 25తో సరిపెట్టుకోవద్దు. చేతులు వెనక్కి పెట్టుకుని దాన్ని బయటికి పోనివ్వండి. ఒంటికి తగిలిందా, ఆ 10 గజాలు పోయినట్టే.

సేఫ్టీ (బంతి ఉన్న జట్టు సొంత ఎండ్ జోన్‌లోనే ఆగిపోయి ఎదుటివాళ్లకు పాయింట్లు ఇవ్వడం) తర్వాత 20 నుంచి చేసే ఫ్రీ కిక్‌కు కూడా ఫెయిర్ క్యాచ్ లెక్క ఇదే. అక్కడ పంట్ చేయడానికీ (బంతిని చేతిలోంచి వదిలి తన్నడానికీ) వీలుంది కనుక బంతి ఇంకా ఎత్తుగా, ఇంకా ఆలస్యంగా దిగుతుంది. సిగ్నల్ వేళ దానికి తగ్గట్టు జరపండి.

సాధన

రిటర్నర్‌కు వారానికి రెండుసార్లు, పదిహేనేసి కిక్‌లు. మొదటి ఐదింటికి ఎవరూ ఎదురు రాకూడదు, సిగ్నల్ వేళ మాత్రమే చూసుకోవాలి. పక్కన ఒకరు నిలబడి ఊపులు బిగ్గరగా లెక్కపెట్టాలి. తర్వాతి ఐదింటికి ఒక కవరేజీ ఆటగాడు ఎదురుగా వచ్చి, రిసీవర్ ముందు సున్నంతో గీసిన గజం పెట్టెకు అవతలే పక్కకు మళ్లాలి. ఒకే కసరత్తుతో ఇద్దరికీ సాధన అవుతుంది. సున్నం మీద బూటు ముద్ర పడితే ఫౌల్ అని లెక్క. చివరి ఐదింటికి రిటర్నర్ ఊపి, బంతిని కావాలనే మొదటి స్పర్శలో పైకి తట్టి, నేల తాకకముందు రెండోసారి పట్టాలి. నేల తాకిందా, అదే క్షణంలో దాని మీద పడాలి, లేచి ఏరుకోవడం కాదు.